పీతతోక

చెప్పండి, ఏం చూశారు? నిన్న ఒక పిల్లను చూసి పగలబడి నవ్వి, ఫోన్లో పదిమందికి పంపారే, అందులో మీ కళ్లతో చూసింది ఎంత? అయితే వినండి.

అనగనగా రాళ్లగుట్టల అడవిలో ఒక నక్కల గుంపు. పొద్దు వాలగానే ఒక నక్క ఊళ పెడితే మిగతావన్నీ అందుకోవాలి. ఎందుకని అడగకూడదు. ఈ గుట్ట మీది ఊళను పక్క గుట్ట, దాన్ని ఆ పై గుట్ట అందుకునేవి.

ఆ గుంపులో చేరాలని బూది అనే కుర్రనక్కకు మహా ఆరాటం. దాని స్నేహితురాలు కెంపి. బూది కాలికి ముల్లు దిగి కుంటుతుంటే, కెంపి వాగు ఒడ్డున బొరియల్లో తోక పెట్టి పీతలు పట్టిచ్చింది. ఒక పీత తోకను కరిచి వదల్లేదు. కెంపి కుయ్యోమంటూ ఒడ్డంతా పరుగెత్తింది. చూసింది బూది ఒక్కతే.

మర్నాడు గుంపు నాయకురాలు చండి అడ్డం వచ్చింది. "ఏమే కుంటిదానా, మాతో కూర్చోవాలంటే నవ్వొచ్చే కబురేదైనా చెప్పు."

బూది చెప్పేసింది. ఎవరి కోసం పట్టిందో మాత్రం చెప్పలేదు.

ఆ సాయంత్రం చండి ఎత్తుకుంది. "పీతతోకా!" గుంపంతా అందుకుంది. గుట్టలన్నీ అందుకున్నాయి. బూది కూడా అందుకుంది. కెంపి నవ్వేసింది.

రెండో సాయంత్రం నవ్వలేదు. "బూదీ, నీకు తెలుసు కదే. ఒక్క మాట చెప్పవే," అంది.

"సరదాకేగా! నువ్వు మరీనూ," అంది బూది. చండి చూస్తోంది మరి.

మూడో సాయంత్రం కెంపి లేదు.

బూది కుంటుకుంటూ పక్క గుట్టకు పరుగెత్తింది. "కెంపి వచ్చిందా?"

"కెంపి ఎవరు?" అంది అక్కడి ముసలి నక్క. "పీతతోక అయితే వచ్చింది. పిల్లలు ఊళ పెట్టారు. పోయింది."

ఆ పై గుట్ట మీదా అదే జవాబు. కెంపి తలదాచుకోబోయిన ప్రతిచోటికీ ఆ ఊళ ముందే చేరింది.

బూది బండ ఎక్కి గొంతు చించుకుంది. "కెంపీ! నా ఆకలి కోసం పట్టావే! ఆ మాట దాచింది నేనే!" ఏ గుట్టా అందుకోలేదు. అందులో నవ్వడానికేముంది?

వెనక్కి వచ్చేసరికి చండి మళ్లీ ఎత్తుకుంది. తలలన్నీ బూది వైపు తిరిగాయి.

"ఒసే, అందుకోవేం?"

"అందుకోను. దానికో పేరుంది."

"ఓహో! అయితే రేపటి ఊళ నీ మీదే."

అయినా బూది అడవి వైపు తిరిగి "కెంపీ!" అని పిలిచింది. ఒక్కతే పిలిచింది.

నీతి: గుంపుతో కలిసి కూసినా అది మీ గొంతే. రేపు బూది మీద ఊళ లేస్తే, మీరు ఎటు నిలబడతారు?