నూకాలు తినని అన్నం

ఎవరైనా ప్రశ్న అడిగితే ఎస్తేరు సిస్టర్ జవాబు చెప్పదు. లేచి చేతులు కడుక్కుంటుంది. రోగి దగ్గరికి పద, అక్కడ చూద్దాం అని దానర్థం. నేను ఆపరేషనై ఆ వార్డులో పడుకున్నన్నాళ్ళూ చూశాను.

ఒక పొద్దున్న ఆమె శిష్యురాలు నీలవేణి అడిగింది. గాయాలకూ స్టోమాలకూ సేవ చేసే నర్సుల పెద్ద పరీక్ష నెగ్గి, కొత్త బ్యాడ్జీ పెట్టుకున్న పిల్ల.

"మేడమ్, నూకాలుకి నేను పెట్టిన సంచి కారదు. చుట్టూ చర్మం ఎక్కడా పుండు పడలేదు. అయినా అన్నం ముట్టదేం? ఇలా అయితే కుట్లు మానవంటున్నారు డాక్టరుగారు."

నూకాలు నా పక్క మంచం మనిషి. ఊరూరా తిరిగి ఎండుచేపలు అమ్ముకునేది. పేగుకి జబ్బు చేస్తే పాడైనంత మేర కోసేసి, మిగిలిన కొసని పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. దాన్నే స్టోమా అంటారట. మలం అక్కడినుంచే సంచిలోకి దిగుతుంది. మనిషి బతకడానికి ఎన్ని దారులో అనుకున్నాను.

ఎస్తేరు సిస్టర్ చేతులు కడుక్కుంది. "నువ్వు తెర ఇవతలే ఉండు" అని నీలవేణితో చెప్పి, తాను నూకాలు మంచం చుట్టూ కట్టిన తెర లోపలికి వెళ్ళి పాత సంచి విప్పింది.

"ఏం నూకాలూ, ఆస్పత్రి అన్నం చేదా?"

"అన్నానికేం తల్లీ! ఆ చిన్న సిస్టరమ్మ సంచి మార్చినంతసేపూ ఊపిరి బిగబట్టేస్తాది. ముఖం కందిపోద్ది పాపం. బస్సులో నా గంప పక్కన కూకున్నోళ్ళూ ఇంతే. అప్పుడైతే నేను దిగిపోయేదాన్ని. ఇక్కడ ఎక్కడ దిగను? తినకపోతే ఆ పిల్లకి బాధ తప్పుద్ది కదా అని..."

నీలవేణి చేతులు కడుక్కుంది. తరవాత తెర తప్పించుకుని లోపలికి వెళ్ళి, "మేడమ్, కొత్తది నేను పెడతాను" అంది. వంగి మొదలుపెట్టింది.

"అత్తా, ఎండు నెత్తళ్ళ పులుసులో నువ్వు మామిడికాయ వేస్తావా, చింతపండా?"

మాట్లాడాలంటే ఊపిరి తీసుకోక తప్పదు కదా! ఇంత వయసొచ్చినా నాకు తట్టని సంగతి.

"మామిడికాయే! చింతపండు పోసేవాళ్ళది నోరేనా?" అని నూకాలు దెబ్బలాటకి దిగింది. సంచి అతుక్కునేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు. మధ్యాహ్నం ఆమె పెరుగన్నం తిని, ఇంకొంచెం పెట్టమంది.

సాయంత్రం నా మంచం పక్కనున్న కుళాయి దగ్గర నీలవేణి మెల్లగా అడిగింది: "ఆ వాసన మీకు ఎన్నాళ్ళకి అలవాటైంది మేడమ్?"

"ఇంకా కాలేదే" అంది ఎస్తేరు సిస్టర్.