పొగ పాట ఎవరిది?

అనగా అనగా, పొయ్యి వెలిగించాలంటే పాషా గారికి పన్ను కట్టాల్సిన రోజుల్లో, టర్కీ దేశపు కొండల్లో కాయాబాషి అనే ఊరుండేది. ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి, నిద్రొచ్చినవాళ్లు పడుకోండి, కథ మాత్రం ఆగదు.

ఆ ఊళ్లో ఇల్యాస్ అనే పాటగాడు ఉండేవాడు. సాజ్ వాయించేవాడు. సాజ్ అంటే పొడుగు మెడ ఉన్న తంతి వాయిద్యం, మన తంబూరాకి దూరపు చుట్టం అనుకోండి. తాత వాయించాడు, తండ్రి వాయించాడు, ఇల్యాస్ వాయించాడు. పెళ్లయితే ఇల్యాస్ రావాలి. పంట కోస్తే ఇల్యాస్ రావాలి. పెద్దమనిషి ఊళ్లో అడుగుపెడితే ఇల్యాస్ రావాలి. గొంతు బాగుండేది, సంపాదన ఇంకా బాగుండేది. ఒక్కటే లోటు. సొంతంగా ఒక్క పాట కట్టలేడు. తాత పాటలు తండ్రి పాడాడు, తండ్రి పాటలు తను పాడుతున్నాడు. ఆ లోటు ఎవరికీ కనపడలేదు, దుర్సున్ పాడటం మొదలుపెట్టేదాకా.

దుర్సున్ దూది ఏకి బతికేవాడు. పెద్ద విల్లు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. అణిగిపోయిన పరుపులు విప్పి, దూది కుప్పపోసి, విల్లు తాటిని కొయ్య సుత్తితో కొట్టేవాడు. ధుమ్ ధుమ్ ధుమ్. దూది పొంగేది. ఆ మోతకే పాట కట్టేవాడు. సాజ్ కొనే స్తోమత లేదు, ఉన్నది ఆ ఒక్క తాడే. మసీదు పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాడు. కట్టిన పాటని పిండిమర గోడ మీద బొగ్గుతో రాసేవాడు. పిండి పట్టించుకోడానికి వచ్చిన ఆడవాళ్లూ మగవాళ్లూ తమ వంతు వచ్చేదాకా అది చదువుకుంటూ, పాడుకుంటూ కూర్చునేవాళ్లు.

ఆ దేశంలో ఒక ఆనవాయితీ ఉంది. పాట కట్టినవాడు చివరి చరణంలో తన పేరు పెట్టుకుంటాడు, మన పదకర్తలు ముద్ర వేసుకున్నట్టే. అక్కడ ఎవరి పేరుంటే పాట వాళ్లది. వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఒక ఏడు ఆ సీమకి దొరగా కొత్త పాషా వచ్చాడు. వస్తూనే పొగ పన్ను వేశాడు. ఏ ఇంటి కప్పులోంచి పొగ లేస్తే ఆ ఇంటివాళ్లు ఏటా ఒక గొర్రెనివ్వాలి. లెక్కలవాడొకడు గుట్టెక్కి నిలబడి పొగలు లెక్కపెట్టేవాడు. జనం ఏం చేస్తారు? మూడిళ్లవాళ్లు ఒక్క పొయ్యి దగ్గర చేరి వండుకున్నారు, మిగతా రెండిళ్లూ చలికి వదిలేశారు. ముసలివాళ్లు దగ్గారు. పసివాళ్లు ఏడ్చారు. ఎవరితోనూ పంచుకోకుండా రోజూ పొగ లేచింది ఇల్యాస్ ఇంట్లోంచే. పన్ను కట్టుకోగలడు, కట్టాడు.

అప్పుడు పిండిమర గోడ మీద పొగ పాట వెలిసింది.

"మా పొయ్యి పొగకు గొర్రెను ఇస్తిమి,
నీ కోట పొగకు ఏమిస్తావయ్యా?
మంచు మావైపు, మంట నీవైపు,
పంచిన చెయ్యి ఎవరిదయ్యా?

దూది ఏకే దుర్సున్ అడిగెను,
జవాబు నువ్వే చెప్పాలయ్యా,
గొర్రెను కట్టే తాడుంది గానీ
పొగను కట్టే తాడేదయ్యా?"

మూడు రోజుల్లో ఊరంతా పాడింది. మూడు వారాల్లో లోయంతా పాడింది.

ఇల్యాస్ ఇంటికొచ్చేసరికి భార్య హనీఫే పిండి పిసుకుతూ అదే పాట కూనిరాగం తీస్తోంది.

"ఇంట్లో పాటగాణ్ని పెట్టుకుని బయటివాడి పాటేంటి?" అన్నాడు.

"నువ్వు కట్టు, నీదే పాడతాను," అంది తలెత్తకుండా.

ఇల్యాస్ నవ్వాడు. కడుపు మాత్రం భగ్గున మండింది.

ఒక పెళ్లికి వెళ్లాడు. తాత పాటలు మూడు పాడాడు. పెళ్లికొడుకు తండ్రి చెవిలో మెల్లగా అడిగాడు, "ఉస్తాద్, అన్నీ బాగున్నాయి గానీ, ఆ దూదివాడి పాట మీకొచ్చా?"

ఇల్యాస్ నవ్వాడు. కడుపు మాత్రం భగ్గున మండింది.

ఇంకో రోజు ఇంటి ముందు ఒక్కడే కూర్చుని సాజ్ శ్రుతి చేసుకుంటున్నాడు. మనసు ఎక్కడో ఉంది. వేళ్లు వాటంతట అవే తీగల మీద నడుస్తున్నాయి. కాసేపటికి విని ఉలిక్కిపడ్డాడు. తన వేళ్లు వాయిస్తున్నది పొగ పాట! భార్య పోయింది, ఊరు పోయింది, చివరికి వేళ్లు కూడా దుర్సున్ వైపే పోయాయి. ఈసారి నవ్వు రాలేదు. మంట మాత్రం వచ్చింది.

మర్నాడే సాజ్ సంచిలో వేసుకుని కనుమ దాటాడు. అవతలి ఊళ్లలో దుర్సున్ ఎవరో ఎవరికీ తెలియదు. అక్కడ పొగ పాట పాడాడు. చివరి చరణానికి వచ్చేసరికి గొంతు సవరించుకుని, "సాజు మీటే ఇల్యాస్ అడిగెను" అన్నాడు. ఎంత తేలిక! మూడే మాటలు మారాయి. జనం లేచి నిలబడ్డారు. ఒక ముసలమ్మ వచ్చి అతని చేతులు కళ్లకద్దుకుంది. "ఈ పాట కట్టిన కడుపు చల్లగుండాలి నాయనా," అంది. ఆ కడుపు ఒక్క పూట నిజంగానే చల్లబడింది. ఇంకో ఊళ్లో పాడాడు, ఇంకో ఊళ్లో పాడాడు. పాటకంటే ముందు పేరు పరిగెత్తింది.

అది పాషా చెవిన పడింది.

ఆ పాషా తెలివైనవాడు. సిపాయిలని పంపితే ఏ ఊరూ తన పాటగాణ్ని పట్టివ్వదని అతనికి తెలుసు. అందుకని ఒక తెల్ల గుర్రానికి వెండి జీను వేయించి, ఒక్క చాటింపువాణ్ని తోడిచ్చి పంపాడు. వాడు కాయాబాషి పిండిమర ముందు నిలబడి డప్పు కొట్టాడు. "పొగ పాట పాషా గారు విన్నారహో! కట్టినవాణ్ని కళ్లారా చూడాలంటున్నారహో! కట్టినవాడెవరో వచ్చి ఈ గుర్రం ఎక్కండహో!"

దుర్సున్ ఊళ్లో లేడు, పరుపులు ఏకడానికి పై ఊరు వెళ్లాడు. పిండిమర జెమాల్ తాత గోడకి ఆనుకుని నిలబడ్డాడు, బొగ్గు రాత కనపడకుండా.

ఇల్యాస్ మాత్రం గుర్రాన్నే చూస్తున్నాడు. ఆ జీను మీద దుర్సున్ కూర్చున్నట్టు కనిపించింది. భుజం మీద ఆ బోడి విల్లు, ఒంటి మీద పాషా ఇచ్చిన జరీ అంగీ. అంతే, ఒక్క అడుగు ముందుకేశాడు.

"ఇల్యాసూ," తాత చెయ్యి పట్టుకున్నాడు. "తిట్టు పాటకి గుర్రం పంపేవాడు ఎవడ్రా? కాస్త బుర్ర పెట్టి ఆలోచించు."

"నీకు వాడంటే ముద్దు తాతా. నాకు గుర్రం వస్తే నీకు కష్టంగా ఉంటుందిలే," అని చెయ్యి విదిలించుకున్నాడు.

చాటింపువాడు అడిగాడు, "పాట నీదేనా?"

"నాదే."

"నీదేనా?"

"చివరి చరణంలో నా పేరుందిగా, నాదే."

గుర్రం కోటలోకి వెళ్లింది. వెనకే తలుపులు పడ్డాయి. పాషా మూడోసారి అడిగాడు, "నీదేనా?" అప్పటికి ఇల్యాస్ చేతులకి గొలుసులున్నాయి.

ఇప్పుడు నాది కాదంటే ఎవరు నమ్ముతారు? మూడు ఊళ్లవాళ్లు అతని నోటే విన్నారు. శుక్రవారం నమాజు కాగానే ఉరి అన్నారు.

పై ఊళ్లో దుర్సున్‌కి కబురందింది. చేతిలో ఉన్న పరుపు కుట్టేసి, ఆ ఇంటావిడకి అప్పజెప్పి, విల్లు భుజాన వేసుకుని కొండ దిగాడు. కోట వాకిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. ఇల్యాస్ ఉరికొయ్య కింద నిలబడి ఉన్నాడు. పాషా ఎత్తు మీద కూర్చున్నాడు.

"అయ్యా, ఆయన్ని వదిలేయండి," అన్నాడు దుర్సున్. "పాట నాది."

"అందులో ఇల్యాస్ అని ఉందే?"

"పరుపు మీద ఎవరైనా పడుకుంటారు అయ్యా. దూది ఏకింది నేను."

జనంలో నవ్వు పుట్టింది. పాషాకి ఒళ్లు మండింది. "అయితే ఇక్కడే, ఇప్పుడే ఇంకో చరణం కట్టండి. ఎవడు కడితే పాట వాడిది. మెడ కూడా వాడిదే."

దుర్సున్ విల్లు దించాడు. సుత్తి తీశాడు. ధుమ్ ధుమ్ ధుమ్.

"లెక్కలవాడు ఒక్కడేనయ్యా,
పొయ్యిలు చూస్తే వెయ్యేనయ్యా,
అన్నీ ఒకసారి రాజుకున్ననాడు
ఎన్ని వేళ్లతో లెక్కిస్తాడయ్యా?"

కోట వాకిలంతా ఒక్క గొంతై ఆ చరణం అందుకుంది. పాషా ఇల్యాస్ వైపు తిరిగాడు. "నీ సంగతేంటి?"

అప్పుడొక వింత జరిగింది. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ రానిది, ఇల్యాస్‌కి ఒక చరణం వచ్చింది. పిలవకుండా, వెతక్కుండా, నాలుగు వరుసలూ నిండుగా గొంతులోకి వచ్చి నిలబడ్డాయి. సొంతవి. తాతవి కావు, తండ్రివి కావు, దుర్సున్‌వి అసలే కావు. పాడితే పేరు తనది. పాడితే ఉరి కూడా తనదే. ఆ పక్కన దుర్సున్ వైపే చూస్తున్న జనం కళ్లు చూశాడు. ఆ చూపు కోసమే కదా ఇన్నేళ్లు మండింది. నోరు తెరిచాడు. తాడు కనిపించింది. నోరు మూసుకున్నాడు.

"దొంగ వెధవ," అన్నాడు పాషా. "వీణ్ని ఉరి తీస్తే తాడు దండగ. తరిమెయ్యండి."

కానీ జనం అలా పాడుతుంటే దుర్సున్‌ని ఆ వాకిట్లో ఉరి తీయడానికి పాషాకి ధైర్యం చాలలేదు. కొండల అవతలి జైలుకి పంపమన్నాడు. సిపాయిలు తీసుకెళ్తూ ఉంటే దుర్సున్ ఇల్యాస్ దగ్గర ఆగాడు. ఇప్పుడు తిడతాడు, ఉమ్ముతాడు అనుకున్నాడు ఇల్యాస్.

"ఉస్తాద్, కనుమ అవతల మీరు పాడింది విన్నవాళ్లు చెప్పారు," అన్నాడు దుర్సున్. "మూడో వరుస సాగదీస్తున్నారట. అక్కడ సాగదీయకండి, పరిగెత్తించండి. గొర్రె తాడు తెంచుకుని పోతున్నట్టుండాలి."

ఇల్యాస్ మనసులోనే పాడి చూసుకున్నాడు. వాడన్నది నిజం. ఆ క్షణంలో కూడా కడుపు భగ్గున మండింది.

ఆ శీతాకాలమే జైల్లో దుర్సున్ దగ్గి దగ్గి పోయాడు. ఉప్పు బేరగాళ్లు కబురు తెచ్చారు. కబురందిన రోజున లోయలో ఒక్క పొయ్యి కూడా చల్లగా లేదు. తడి గడ్డి వేసి మరీ రాజేశారు. ఆకాశమంతా ఒకటే పొగ. లెక్కలవాడు గుట్ట మీద నిలబడి లెక్కపెట్టి, మళ్లీ మొదటికొచ్చి లెక్కపెట్టి, కళ్లు తుడుచుకుంటూ దిగిపోయాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పన్ను కాగితం మీద ఉండిపోయింది, గొర్రెలు దొడ్లో ఉండిపోయాయి.

ఇల్యాస్‌ని మాత్రం పెళ్లికి పిలిచేవాళ్లు లేరు. పిండిమరకి వెళ్తే అందరూ అటు తిరిగి కూర్చునేవాళ్లు. బతికున్నవాణ్ని ఓడించడానికి ఏదో ఒక దారుంటుంది, చచ్చిపోయినవాణ్ని ఏం చేస్తాడు? ఏడాదికేడాది దుర్సున్ ఎత్తు పెరుగుతున్నాడు, తను కుంగుతున్నాడు. కోట వాకిట్లో మింగిన ఆ చరణం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఒక మంచు రోజు పిండిమర నిండా జనం ఉన్నారు. ఇల్యాస్ అడక్కుండానే సాజ్ తీశాడు. పొగ పాట ఎత్తుకున్నాడు. మూడో వరుస పరిగెత్తించాడు. దుర్సున్ పేరు దుర్సున్‌కే ఇచ్చాడు. అటు తిరిగినవాళ్లు ఇటు తిరిగారు. అది చూశాక ఇక ఆగలేకపోయాడు. మింగిన చరణం బయటికొచ్చింది.

"ఊరు ఊరంతా చలికి వణికితే
నా పొయ్యి ఒక్కటే మండిందయ్యా,
కట్టెలు కాలి చల్లారె గానీ
కడుపులో మంట ఆరదేమయ్యా?"

జెమాల్ తాత పిండి చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు.

"అబ్బ," అన్నాడు. "ఇది ఎప్పుడు కట్టాడ్రా దుర్సున్?"

ఇల్యాస్ జీవితంలో కట్టిన ఒకే ఒక్క చరణం. అది కూడా వాడిదే అంటున్నారు! నాది అని అరవాలనిపించింది. అయితే ఎవరు నమ్ముతారు? పేరు దొంగ మళ్లీ దొంగతనానికొచ్చాడంటారు. చరణం కూడా దొంగ సొత్తయి చచ్చిపోతుంది.

"చెప్పరా, ఎప్పుడు కట్టాడు?"

సాజ్ మెడ నిమిరాడు.

"కోటలో," అన్నాడు చివరికి. "చివరి రోజున. పక్కనే ఉన్నాను, విన్నాను."

ఇంటి దారిలో హనీఫే పిండి మూట ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని అడిగింది. "అది నువ్వు కట్టిందే కదూ?"

"నీకెవరు చెప్పారు?"

"దుర్సున్ ఇంట్లో పొయ్యి వెలిగిందెప్పుడు? ఆ చలిలో ఒంటరిగా వెలిగింది మన పొయ్యి ఒక్కటే."

"ఊరుకోవే," అన్నాడు ఇల్యాస్. కాస్త దూరం నడిచి, "వాడి ఖాతాలో ఇంకొకటి పెరిగింది, అదీ నా మంట," అని గొణిగాడు. హనీఫే పడీపడీ నవ్వింది. ఆ తర్వాత అతను ఇంకా పాటలు కట్టాడంటారు. ఎన్ని కట్టాడో తెలియదు, ఒక్కదాంట్లోనూ తన పేరు లేదు.

చచ్చిపోయినవాడి పేరున పాటలు పెరుగుతుంటే సంగతేంటో ఊరికి మెల్లగా అర్థమైంది, మిగతావాళ్లూ అదే నేర్చుకున్నారు. ఆ లోయలో ఈనాటికీ దొర మీద పాట కట్టినవాళ్లు చివరి చరణంలో తమ పేరు పెట్టుకోరు, దుర్సున్ పేరే పెడతారు. బతికుండగా అతను కట్టినవి ముప్పై దాటవు. ఇప్పుడు లెక్కపెడితే మూడు వందల పైమాటే. సిపాయిలొచ్చి ఇది ఎవడు కట్టాడని గద్దిస్తే, ముసలివాళ్లూ పసివాళ్లూ ఒకే జవాబు చెబుతారు.

"దుర్సున్ కట్టాడండి."

"ఎక్కడ వాడు?"

"పరుపులు ఏకడానికి పై ఊరు వెళ్లాడండి. చలికాలం లోపు వచ్చేస్తాడు."