బియ్యప్పిండి మాత్ర

శిష్యులు ఏమడిగినా అవుననో కాదనో చెప్పే అలవాటు కూర్మనాథం గారికి లేదు. జరిగిందేదో ఒకటి చెప్పి ఊరుకుంటారు. ఆ రోజు వార్డు చూసి వచ్చాక, ఆయన దగ్గర నరాల వైద్యం నేర్చుకుంటున్న హైమవతి ఒక మాత్రల సీసా బల్ల మీద పెట్టింది. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను అవి బలపరుస్తాయని దాని మీద రాసి ఉంది.

“ఇవి వాడిన తొమ్మిది మంది ఓపిక వచ్చిందంటున్నారు సార్. ఇంతకన్నా రుజువేం కావాలి?”

ఆయన తన అక్క సంగతి ఎత్తారు.

ఇరవై ఏళ్ల కిందట ఆయనే అలాంటి మాత్రను పరీక్షించారు. కండరాల నీరసం ఉన్న నలభై మందిని ఒప్పించి, సగం మందికి అసలు మాత్ర, మిగతావారికి అదే రంగు గొట్టం మాత్రల్లో బియ్యప్పిండి నింపి ఇప్పించారు. ఎవరికి ఏది అందుతోందో వాళ్లకూ తెలియదు, ఆయనకూ తెలియదు. నాలుగో నెలలో ఎండుచేపలమ్మే అప్పయ్యమ్మ ముఖమంతా నవ్వుతో వచ్చింది.

“ఇయేల గంప నానే నెత్తికెత్తుకున్నాను బాబూ! నీ మాత్ర చలవే.”

ఆ మాటకు ఆయన పొంగిపోయారు. ఫలితాలు తేలేదాకా ఆగలేకపోయారు. ఆ వారమే విజయనగరం వెళ్తే, మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోందని అక్క కామేశ్వరి అంది. ఆమె చెయ్యి పట్టుకుని చూడలేదు, గుండె వినలేదు. సంచిలో ఉన్న అసలు మాత్రలు తీసిచ్చారు. నెల తిరిగేసరికి, “నీ చేతి మందు కదరా, బాగానే ఉంది,” అని ఫోను చేసింది. ఆ తర్వాత కూడా అడిగినప్పుడల్లా అదే చెప్పింది.

ఎనిమిది నెలలకు పరీక్ష ముగిసి, ఎవరికి ఏది ఇచ్చారో రాసి ఉంచిన కవర్లు విప్పారు. రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకే సంఖ్యలో జనానికి ఓపిక వచ్చింది. అప్పయ్యమ్మ మింగింది బియ్యప్పిండి.

ఆయన అందిన బస్సుకే విజయనగరం వెళ్లారు. వీధి గదిలోనే అక్కను కూర్చోబెట్టి స్టెతస్కోపు పెట్టారు. మొదటి ఏడాది విద్యార్థి అయినా పోల్చుకోగలిగే చప్పుడది. గుండె కవాటం మూసుకుపోతోంది. ఆపరేషన్‌కు అదను దాటిపోయిందని గుండె వైద్యులు అన్నారు. ఆ చలికాలం ఆమె దాటలేదు.

హైమవతి అడిగింది: “ఆ మాత్ర ఆవిడకు హాని చేసిందా సార్?”

“లేదమ్మా. అది ఏమీ చెయ్యలేదు,” అన్నారు కూర్మనాథం గారు. “నేనూ ఏమీ చెయ్యలేదు.”