కళ్లెం పట్టినవాడి పూచీ

వెనకటికి ఒక రాజ్యంలో గుర్రాల మీద వచ్చేవాళ్లను కోటవాకిలి దగ్గర ఆపి తనిఖీ చేసేవారు. ఆపి అడగొచ్చు గాని కళ్లెం మీద చెయ్యి వెయ్యకూడదని రాజుగారి శాసనం. కావలి పెద్ద భైరవయ్యకు అది చెవికెక్కలేదు. ముందు కళ్లెం లాక్కుని, తర్వాతే మాట్లాడేవాడు. పైగా రోజూ ఒకటే గద్దింపు: "గుర్రం ఏం చేసినా, కళ్లెం పట్టినవాడిదే పూచీ."

ఒకరోజు గాజులమ్మే సిద్ధప్ప తన బక్కగుర్రం మీద వచ్చాడు. భైరవయ్య కళ్లెం గుంజుకున్నాడు.

"శాసనం ఉంది కదా దొరా," అన్నాడు సిద్ధప్ప.

"నాకే శాసనం చెబుతావా? దిగు."

సిద్ధప్ప దిగి, గోడనీడన కూర్చుని సద్దిమూట విప్పాడు. పొద్దుటినుంచీ మేత లేని గుర్రానికీ ఆకలి గుర్తొచ్చింది. పక్కనే దోసకాయల గంప ఉంది. భైరవయ్య ఎంత లాగినా వినకుండా సగం గంప నమిలేసింది.

దోసకాయలమ్మే నూకాలు లబోదిబోమంటూ సిద్ధప్ప మీదికొచ్చింది.

"నా మీదికొస్తావేం అత్తా? కళ్లెం ఎవరి చేతిలో ఉందో చూడు. పూచీ ఎవరిదో ఆయనే రోజూ చెబుతాడుగా."

నూకాలు గిరుక్కున తిరిగి భైరవయ్య తలపాగా దొరకబుచ్చుకుంది. వెనక ఆగిన రౌతులు పకపకా నవ్వారు.

"నీ కళ్లెం నువ్వు పట్టుకోవయ్యా," అని బతిమాలాడు భైరవయ్య.

"తొందరేముంది దొరా, తనిఖీ కానివ్వండి," అంటూ సిద్ధప్ప ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

మర్నాటి నుంచీ భైరవయ్య రౌతులను ఆపుతూనే ఉన్నాడు. కాకపోతే చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, "అయ్యా, కాస్త ఆగుతారా?" అని దూరం నుంచే అడిగేవాడు.