రెండు ముంతల అంబలి

చాలాకాలం కిందట పైడివాడ అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణధీర భూపతి పిసినారి కాడు. అడిగినవాడికి లేదనకుండా ఇచ్చేవాడు. కాకపోతే, ఇచ్చిన సంగతి ఊరందరికీ తెలియకపోతే ఆయనకు ఇచ్చినట్టే ఉండేది కాదు.

అందుకని ఒక శాసనం చేశాడు. దానం పుచ్చుకున్నవాడు వీధివెంట ముందు నడవాలి. చాటింపు వేసేవాడు వెనకాలే డప్పు కొడుతూ, ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, ఇచ్చిన వస్తువు నలుగురికీ వినపడేలా చెప్పుకుంటూ రావాలి. మధ్యలో ఆపితే శిక్ష.

శాసనం రాయించే రోజున సభలో మాచన అనేవాడు ఉన్నాడు. మాచనకు కొలువులో పెద్ద పదవేమీ లేదు. రాజుగారికి విసుగు పుట్టినప్పుడు మాట్లాడి నవ్వించడమే అతని ఉద్యోగం.

“ఇది ఏలినవారి దానాలకేనా ప్రభూ, అందరి దానాలకూనా?” అని అడిగాడు మాచన.

“రాజ్యంలో జరిగే ప్రతి దానానికీ! అయినా నేనుండగా ఇక్కడ ఇంకొకరు ఇచ్చేదేముంది?” అన్నాడు రాజు మీసం దువ్వుకుంటూ.

మాచన తలూపాడు. ఆ ఉగాదికి అతనికీ ఒక శాలువా దక్కింది. డప్పు ముందు నడిచి ఇల్లు చేరాడు. తలుపు తీసిన భార్య శాలువా వంకా, వాకిట్లో పోగైన జనం వంకా చూసి, “ముందు లోపలికి రండి, తలుపు వేస్తాను” అంది. ఆ శాలువా మళ్ళీ పెట్టెలోంచి బయటికి రాలేదు.

ఎండలు ముదిరాక నేతగాళ్ళ వీధిలో నిప్పంటుకుంది. మనుషులు బతికి బయటపడ్డారు గాని మగ్గాలు, నూలు, ఇళ్ళ కప్పులు అన్నీ బుగ్గయిపోయాయి. రాజు నిజంగానే బాధపడ్డాడు. కాలిన ప్రతి ఇంటికీ మగ్గానికీ కప్పుకూ సరిపడా ధనమిస్తానని కబురు పెట్టాడు. సభలో పళ్ళాల నిండా సంచులు పేర్చారు. బయట డప్పు వేడి చేసి ఉంచారు.

ఒక్కరూ రాలేదు. మర్నాడు కూడా రాలేదు.

రాజుకు తల కొట్టేసినట్టయింది. “నేను పిలిచి ఇస్తుంటే కాదంటారా? నా ధనం అక్కర్లేనివాళ్ళకు నా రాజ్యం మాత్రం ఎందుకు? పొలిమేర దాటి పొమ్మను! మాచనా, ముందు నువ్వు వెళ్ళి వాళ్ళ పొగరేమిటో కనుక్కునిరా” అన్నాడు.

మాచన వెళ్ళేసరికి వీధంతా మసి. ఒక మొండిగోడ నీడలో ఓబుళమ్మ అనే ఆవిడ పెద్ద కుండతో అంబలి కాస్తోంది. భర్త పోయాక మగ్గం నేసి కూతురికి పెళ్ళి చేసిన మనిషి. ఆ వీధిలో అందరూ ఆవిడ మాట వింటారు.

“రాజుగారి డబ్బు వద్దన్నారట, ఎందుకమ్మా?” అన్నాడు మాచన.

“వద్దని ఎవరన్నారయ్యా? మగ్గం లేకపోతే మేమేం తిని బతకాలి?” అంది ఓబుళమ్మ గరిటె తిప్పుతూనే. “కానీ ఆ డప్పు ముందు నడవాలంట గదా! మా అల్లుడి ఇల్లు బజారులోనే. నేను ఆ ఇంటి ముందు నుంచి ఎట్లా పోయేది? రేపు నా కూతుర్ని అత్తగారు ఏమన్నా అంటే ఎవరు అడ్డమొస్తారు?”

“మరి ఎలా గడుస్తోంది?”

“నిన్న ఎదురింటివాళ్ళు కాలగా మిగిలిన జొన్నలు తెచ్చి పోశారు. ఇవాళ నేను వాళ్ళకు కూడా కలిపి కాస్తున్నా. ఇచ్చేటప్పుడు ఎవరూ డప్పు కొట్టలేదు. పుచ్చుకునేటప్పుడు నేనూ తలొంచుకోలేదు.”

మాచన వెనుదిరిగాడు. వీధి దాటేదాకా అతనికి పెట్టెలో పడి ఉన్న శాలువాయే కళ్ళలో మెదిలింది. ఈ సంగతి తిన్నగా చెబితే రాజు వినడు. నాలుగు మాటలు విని, ‘మర్యాద కోసం ఆకలితో చస్తారా, మూర్ఖులు!’ అని కొట్టిపారేస్తాడు. ఆయనకు తెలియాలంటే ఒంటికి తగలాలి. తగిలితే ముందుగా పోయేది తన ఉద్యోగమేనని, అదృష్టం బాగాలేకపోతే ఇంకా పెద్దదే పోవచ్చునని మాచనకు బాగా తెలుసు. అయినా చాటింపు వేసే పోతులు అనేవాడి ఇంటికి వెళ్ళి, కాసేపు మాట్లాడి వచ్చాడు.

మర్నాడు రాజుతో, “ప్రభూ, వాళ్ళ పొగరు చెబితే తెలిసేది కాదు, ఏలినవారు స్వయంగా చూడాలి. పల్లకీలో వెళితే వాళ్ళు భయపడి వినయం నటిస్తారు. నడిచి వెళదాం” అన్నాడు.

రాజు బయలుదేరాడు. ఎండ మాడ్చేస్తోంది. కోట దిగి, బజారు దాటి, నేతగాళ్ళ వీధికి చేరేసరికి ఆయన నాలుక పిడచకట్టుకుపోయింది. మొండిగోడ నీడలో చతికిలబడ్డాడు.

“దాహం” అన్నాడు.

ఓబుళమ్మ ఆయన్ని గుర్తుపట్టింది. తడబడలేదు. మజ్జిగ కలిపిన అంబలి ముంతతో ఇచ్చి, ఒక ఉల్లిపాయ చితక్కొట్టి పెట్టింది. రాజు గటగటా తాగి ముంత చాపాడు. ఆవిడ మళ్ళీ నింపింది. అదీ తాగి, “ఆహా! మా వంటశాలలో ఇలాంటిది ఎప్పుడూ చెయ్యరేం?” అన్నాడు.

ఆయన లేచి రెండడుగులు వేశాడో లేదో, వెనక డప్పు మోగింది.

“ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా! నేతగాళ్ళ వీధి ఓబుళమ్మగారు, దాహంతో వచ్చిన రణధీర భూపతిగారికి రెండు ముంతల అంబలి, ఒక ఉల్లిపాయ దానం చేసినారహో!”

రాజు గిరుక్కున తిరిగాడు. “ఏయ్! ఆపు!”

పోతులు వణికిపోతూనే కొడుతున్నాడు. “ఆపితే శిక్ష ప్రభూ! తమరి శాసనమే!”

రాజు నడక పెంచాడు. డప్పు కూడా పెంచింది. బజారులో బేరాలు ఆగిపోయాయి. ఒక దుకాణదారు తక్కెడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మేడల మీద ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. రాజు ఒక సందులోకి దూరాడు. డప్పు కూడా దూరింది. ఆ సందు తిరిగి తిరిగి మళ్ళీ బజారులోకే తేలింది.

“ఉల్లిపాయ సంగతి కూడా చెప్పాలా?” అన్నాడు రాజు పళ్ళు కొరుకుతూ.

“వస్తువు పేరు విడిచిపెట్టకూడదని తమరే రాయించారు ప్రభూ” అన్నాడు మాచన.

“రెండు ముంతల అంబలికి ఇంత రభసా! నిన్ను కొరత వేయిస్తాను!”

“చిత్తం ప్రభూ. ఒక్క మాట. అంబలి ఎలా ఉంది?”

“తాగినప్పుడు అమృతంలా ఉంది. ఇప్పుడు కక్కేయాలనిపిస్తోంది!”

“ఏలినవారి ధనం కూడా అమృతమే ప్రభూ. ఈ డప్పు ముందు నడుస్తూ దాన్ని మింగడమే ఎవరి వల్లా కావడం లేదు.”

రాజు ఏదో అనబోయాడు. ఇంతలో జనాన్ని తోసుకుంటూ ఓబుళమ్మ పరుగెత్తుకొచ్చింది. వచ్చీ రావడంతోనే పోతులు చేతిలో పుల్ల లాక్కుంది.

“నీకేం పోయేకాలంరా! గుమ్మంలోకొచ్చిన మనిషికి దాహమిస్తే దానికి దండోరా వేస్తారా? రేపటి నుంచి మా ఇంట్లో ఎవరైనా మంచినీళ్ళు ముట్టుకుంటారా? నా పరువు తీశారు గదరా!” అంది. తరవాత రాజు వైపు తిరిగి చేతులు జోడించింది. “నేను చెప్పించలేదు దొరా. ఒట్టు. తమరు ఏమీ మనసులో పెట్టుకోవద్దు.”

రాజు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరుగుతున్నాయి. తన పేరు ఊరంతా మోగితే సిగ్గుతో చచ్చిపోయే దాతను ఆయన అంతవరకూ చూడలేదు. ఇల్లు కాలి, పొయ్యి వీధిలో పెట్టుకున్న మనిషి. అయినా ఇచ్చినదాని గురించి ఆవిడ మళ్ళీ తలుచుకునేది కూడా కాదేమో.

ఆయన మీసం మెల్లగా కదిలింది. తరవాత భుజాలు కదిలాయి. చివరకు దుకాణం అరుగు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. కొరత తప్పిందని మాచన కూడా అరుగు కిందే కూర్చున్నాడు.

“అమ్మా, నీ అంబలి నేను తాగాను. మరి నా ధనం మీరు తీసుకుంటారా? డప్పు ఉండదు. మాచన ఇంటింటికీ తెచ్చిస్తాడు” అన్నాడు రాజు.

“తీసుకుంటాం దొరా. మా మగ్గాలు ఆడాక, మాలాగే ఇల్లు కాలినవాళ్ళు ఎవరైనా వస్తే మేమూ ఇస్తాం” అంది ఓబుళమ్మ.

ఆ రోజే శాసనం రద్దయింది. వానలు మొదలయ్యేలోగా వీధిలో కప్పులు లేచాయి. నెమ్మదిగా ఒక్కొక్క మగ్గమే ఆడసాగింది. చాటింపు పని తగ్గిన పోతులుకు కోట తలుపు దగ్గర కొలువు దొరికింది.

మాచనకు కూడా రాజు బహుమానం ఇచ్చాడు. ఏమిచ్చాడో ఎవరికీ తెలియదు. సభలో ఎవరైనా, “ప్రభువులు మాచనకు ఏమిచ్చారో?” అని కదిపితే, రాజు ఉత్సాహంగా నోరు తెరిచేవాడు. అంతలో మాచన వైపు చూసి, దగ్గినట్టు చేసి, నోరు మూసుకునేవాడు. ఆ మూసుకోవడం ఆయనకు చాలా కష్టంగా ఉండేదని పక్కన నిలబడి వింజామర వీచేవాళ్ళు చెప్పుకునేవారు.