అంచున వదిలిన బెత్తెడు

మా టైపు మేస్టారు పొట్నూరు జగన్నాయకులు గారికి ఒక అలవాటు ఉంది. ఎవరు ఏ కాగితం తెచ్చి ఇచ్చినా ముందు చదవరు. దాని అంచు మీద బొటనవేలు ఆనించి చూస్తారు. వేలు అక్షరాల మీద పడితే కాగితం అలాగే వెనక్కి ఇచ్చేస్తారు. ఎందుకని అడిగితే చెప్పరు. సోంపేటలో ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో చేరినవాళ్లందరం మొదటి నెలంతా అది చాదస్తమనే అనుకున్నాం. అందరికన్నా ఎక్కువ అనుకున్నది నేను.

నా పక్క కంప్యూటరు దమయంతిది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. వాళ్లమ్మ తాటి తాండ్ర చేస్తుంది. తాటిపండ్లు రాలేది శ్రావణ భాద్రపదాల్లో, సరిగ్గా వానల్లో. చాపల మీద ఆరబెట్టిన దాంట్లో సగం తడిసి పాడైపోతుంది. విద్యార్థుల వ్యాపార ప్రణాళికల పోటీలో నెగ్గినవాళ్లకి, వాన తగలకుండా ఆరబెట్టే సోలారు డ్రయ్యరు ఏడాదిపాటు వాడుకోనిస్తారు. దమయంతికి కావలసింది అదొక్కటే. కిందటేడు ఆమె రాసింది చదవకుండానే తిప్పి పంపారు. లోపల ఎక్కడా పేర్లు ఉండకూడదని నిబంధన. ఈమె ప్రతి పేజీ కిందా కాలేజీ పేరు ముచ్చటగా వేసుకుంది. ఈ ఏడు కూడా పోతే, వచ్చే ఏటికి తను విద్యార్థే కాదు.

ఈసారి పేర్లు తీసేసింది. కానీ పది పేజీలు దాటకూడదన్న చోట పదకొండున్నర వచ్చాయి. అప్పుడు సలహా ఇచ్చింది నేను. ఇన్‌స్టిట్యూట్‌లో చేరకముందే నాకు కంప్యూటరు వచ్చు, అన్నీ నొక్కి నొక్కి తెలుసుకున్నవే. ఆ పొగరు నాకుండేది. నిబంధనల్లో నాలుగు వైపులా అంగుళం వదలమన్నారా, పావంగుళం కూడా మిగలకుండా లాగేశాను. అంతా పది పేజీల్లో సర్దుకుంది. "చూశావా!" అన్నాను. ఒప్పుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆ పదకొండున్నరలో మొదటి పేజీన్నర, తాటిచెట్టు గొప్పతనం గురించిన ముందుమాట, నేను రాసి పెట్టిందే. అది తీసేయమని నా నోటితో నేను చెప్పలేకపోయాను.

గడువు రోజు పొద్దున పదింటికి దమయంతి ఆ పది పేజీలూ ఒకసారి చూసిపెట్టమని మేస్టారి చేతికిచ్చింది. ఆయన వేలు ఆనించారు. అక్షరాల మీద పడింది. వెనక్కి ఇచ్చేశారు.

దమయంతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్కటి చెప్పండి మేస్టారూ. ఆ పోటీవోళ్లు చూసేది మా తాండ్రనా, ఈ అంచుల్నా?"

మేస్టారు మెట్ల వైపు చెయ్యి చూపించారు. "కింద సింహాచలం కొట్లో మూడో పేజీకి ఒక జిరాక్సు తీయించు. తీసినదాన్ని అతన్నే పైకి చదవమను," అన్నారు. తర్వాత నావైపు చూసి, "నువ్వూ వెళ్లమ్మా," అన్నారు.

సింహాచలం మిషను పాతది. కాగితం కుడి అంచున అరంగుళం మింగేస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు, అతను మాత్రం ఒప్పుకోడు. జిరాక్సు తీసి, కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు.

"దోమల జాలీ కింద ఆరబెడతాం కాబట్టి మా తాండ్ర మీద ఈగలు వాలే అవకాశం." ఆగాడు. "ఇందులో రంగులు కలిపే అలవాటు మాకు." మళ్లీ ఆగాడు. "మూడు నెలలు దాచినా బూజు పట్టిన దాఖలా." కాగితం దించి దమయంతిని ఎగాదిగా చూశాడు. "ఏటే పాపా, ఈగలు, రంగులు, బూజు! ఇయ్యన్నీ ఏసి ఎవుడికమ్ముతావే? మీ యమ్మకి తెలుసా?"

"చివర 'లేదు' ఉంది బాబాయ్! మూడిటికీ 'లేదు' ఉంది!"

"ఏదే? ఇక్కడ 'లేదు' లేదే!"

దమయంతి నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. వరసల చివర నేను ఇరికించిన మూడు 'లేదు'లనీ మిషను మింగేసింది.

పైకొచ్చాక మేస్టారు ఆ జిరాక్సు చూడనైనా లేదు. "వాళ్లకి మీరిచ్చేది ఒక్క ప్రతి. మార్కులేసేవాళ్లు ముగ్గురు," అని తన పనిలో పడిపోయారు. మిగతా ఇద్దరికీ అందేవి జిరాక్సులే. ఆ మిషను ఎలాంటిదో ఎవరికి తెలుసు?

కూర్చుని నాలుగు వైపులా అంగుళం పెట్టాను. మళ్లీ పదకొండున్నర. దమయంతి నా ముఖం చూసింది. మొదటి పేజీన్నర ఎంచి, ఒక్క మీట నొక్కాను. ఏడుపొస్తుందనుకున్నాను గానీ, నెత్తి మీద బస్తా ఎవరో దించినట్టయింది. ఇప్పుడు మొదటి పేజీ ఇలా మొదలైంది: "మా ఊళ్లో తాండ్ర ఏటా వానకి తడిసిపోతోంది." అది దమయంతి వాక్యం. ఇన్నాళ్లూ నా ముందుమాట వెనక ఉండిపోయింది.

ఒంటిగంట బస్సుకి పలాస వెళ్లాం. పోటీ ఆఫీసులో గుమాస్తా స్కేలు తీసి అంచులు కొలిచాడు, పేజీలు లెక్కపెట్టాడు, ముద్ర కొట్టి రసీదు చించి ఇచ్చాడు. ముద్ర పడేదాకా దమయంతి నా చెయ్యి వదల్లేదు.  బస్టాండులో ఇద్దరం చెరో రెండు టీలు తాగాం.

మర్నాడు దమయంతి మేస్టారికి ఆకులో చుట్టి తాండ్ర తెచ్చింది. ఆయన ముక్క తుంచుకుంటూ, "మీ అమ్మ చాప నిండా పోస్తుందా దీన్ని?" అని అడిగారు.

"అబ్బే, చుట్టూ బెత్తెడు వదుల్తాదండి."

"ఎందుకూ? అక్కడా పోస్తే ఇంకో నాలుగు ముక్కలొస్తాయి కదా."

"భలేవోరండీ మేస్టారూ! వానొస్తే పక్కింటోళ్లు పరుగెట్టుకొచ్చి తలో మూలా పట్టుకుని చాప లోపలికి తెస్తారు. ఆళ్లు చెయ్యేసుకోడానికి చోటుండొద్దా?"

మేస్టారు ఆ ముక్క నమిలి మింగారు.

"మార్కులేసే ఆ ముగ్గురూ నీ కాగితానికి పక్కింటోళ్లేనమ్మా," అన్నారు.