గంగులమ్మ తీయించిన వలలు

ఏటికి ఇవతల ఒక రాజ్యం, అవతల మరో రాజ్యం ఉండేవి. వలలు అల్లే గంగులమ్మ ఇవతలి ఒడ్డున ఉండేది; కూతుర్ని అవతలి ఒడ్డు వాళ్లకే ఇచ్చి పెళ్లి చేసింది. ఆ పిల్లకి నెలలు నిండేసరికి యుద్ధభయంతో పడవలు ఆగిపోయాయి.

ఇవతలి సేనాపతి గంగులమ్మను పిలిపించి, శత్రువుల ఉపగ్రహానికి కనబడకుండా తమ సరుకు మీద కప్పిన వలలు చాలడం లేదని, ఇంకా అల్లమన్నాడు. "రేపోమాపో ఆ ఉపగ్రహాన్నే క్షిపణితో పేల్చేస్తాం" అన్నాడు.

"వలల కింద ఏముంది బాబూ?"

"బియ్యం బస్తాలు."

"వాళ్లేమనుకుంటున్నారు?"

"ఫిరంగులని."

"అందుకేగా వాళ్లు ఒడ్డున సైన్యాన్ని దింపారు. ఇక ఆ కన్ను కూడా పొడిస్తే, మనం మీద పడబోతున్నామని వాళ్లే ముందు దూకరా? వలలు తీసేసి చూడనివ్వండి బాబూ."

సేనాపతి క్షిపణి మాట మానుకుని వలలు తీయించాడు.

వారం తిరక్కుండా అవతలి సైన్యం వెనక్కి మళ్లింది. గంగులమ్మ మొదటి పడవలోనే ఏరు దాటింది. కూతురు ఎదురొచ్చి తల్లి చేతిని కడుపు మీద పెట్టుకుంది.

"నీకోసమే ఆగిందమ్మా" అంది.